బాయిలరు పొగ, తిమ్మప్ప పడుగు

"గీజరు పెట్టాలంటే ఎంత అవుతుంది?" అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అడిగేవాళ్ల తప్పేం లేదు. ఇల్లు కట్టుకున్నవాడు ఖర్చు అడక్క ఇంకేం అడుగుతాడు? నా కోపం జవాబు చెప్పేవాళ్ల మీద. మా వీధిలో కొత్తగా ఈ పనిలోకి దిగిన పిల్లలు ఉన్నారు. చురుకైనవాళ్లే. కానీ గడపలో నిలబడే ధర చెప్పేస్తారు. "నీళ్ల పైపు, కరెంటు, ఒక గోడ ఉంటే చాలు సార్, అరగంట పని" అంటారు. ఆ గోడకు అవతల ఏముందో ఒక్కడూ పోయి చూడడు. మొన్న ఒకడు గీజరు నుంచి వేడినీళ్లు కారే గొట్టాన్ని పక్కింటి ముసలామె కూర్చునే అరుగు మీదకు వదిలి వచ్చాడు. అడిగితే "ఓనరు అక్కడే పెట్టమన్నాడు తాతా" అన్నాడు.

ఆ మాట నాకు కొత్త కాదు. యాభైల నాటి ఆదోనిలో అలాంటి మాటే నేను ఫిట్టరుగా పనిచేసిన బాయిలరు అంగడి యజమాని నోట విన్నాను. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఎంత జీతం పెరిగింది, ఎవరు శాలువా కప్పారు అన్నవి మీకు అనవసరం. ఒక్క బాయిలరు సంగతి చెబుతాను.

మూడు దారులు

ఆ రోజుల్లో కలిగినవాళ్ల ఇంట్లో నీళ్లు కాచడానికి రాగి బాయిలరు పెట్టించుకునేవాళ్లు. నడుము ఎత్తు రాగి పీపా. మధ్యలో నిలువుగా పొయ్యి గొట్టం, చుట్టూ నీళ్లు, పక్కన కొళాయి. కింద బుడ్డల పొట్టో, అంటే వేరుశనగ పొట్టో, పత్తి కట్టెలో వేసి మంట పెడితే పొగ పైనుంచి రేకు గొట్టంలోకి పోవాలి. అప్పటిదాకా బచ్చలిలో, అంటే స్నానాల గదిలో, మూలనున్న పెద్ద హండేలో కాచుకుని చెంబుతో ముంచి పోసుకున్నవాళ్లకు, కొళాయి తిప్పితే వేడినీళ్లు రావడమంటే పెద్ద గొప్ప. బాయిలరు ఇంటికి వస్తే కొత్తకోడలు వచ్చినట్టు పసుపు కుంకుమ పెట్టి హారతి ఇచ్చేవాళ్లు.

నాకు పని నేర్పింది హుసేన్ సాబ్. రాగి పని, గొట్టాల పని రెండూ తెలిసినవాడు. ఆయన పాఠం ఒక్కటే.

"నీళ్లొచ్చే దారి, ఆవిరి పోయే దారి, పొగ పోయే దారి. మూడూ సూసినంకనే పానా పట్టుకో. పొగకు కండ్లు ల్యావురా మద్దిలేటీ. దాని బదులు మనమే సూడాల."

మద్దిలేటి అంటే నేనే. ఆ మూడు దారుల్లో ఏ ఒక్కటీ జనం సరిగ్గా చూసేవాళ్లు కాదు. ఆదోనిలో ఎండాకాలం తాగే నీళ్లకే కొట్లాటలు. అలాంటి ఊళ్లో కొళాయి కింద కూర్చుని ఒళ్లు కాగేదాకా పోసుకునే అయ్యకు, ఆ నీళ్లు ఎవరి నడుము మీద వచ్చాయో పట్టేది కాదు. ఒక ఇంట్లో నీళ్లు మోసే అమ్మ బాయిలరు వంక చూసి నాతో అంది, "ఇది తాగేది కాదప్పా, మింగేది. హండే ఉన్నప్పుడు ఒక తడవ మోస్తే సరిపోతాండె." ఇంకో ఇంట్లో చుక్కలు పడుతున్నాయని ఆవిరి గొట్టానికి గుడ్డ కుక్కారు. నేను పోయి తీయకపోతే ఆ ఇంటి బచ్చలి ఎగిరిపోయేది. చెప్పినందుకు ఆ పెద్దమనిషి నన్ను అపశకునం మాటలు మాట్లాడొద్దన్నాడు.

ఈ రెండు దారులకూ నాకు వచ్చేది విసుగు. మూడో దారి దగ్గర నాకు వచ్చిన కోపం ఇంకా పోలేదు.

మిద్దె మీద ప్రేమ

ఎమ్మిగనూరులో ఒక నూలు సావుకారి ఉండేవాడు. నేతగాళ్లకు నూలు ఇచ్చి, నేసిన బట్ట తీసుకుని కూలి ఇచ్చేవాడు. పేరు రాయను. రాస్తే నా కోపం చల్లారేది లేదు, ఊళ్లో ఉన్న ఆయన మనవళ్లకు తలవంపులు తప్ప. ఆయన బళ్లారిలో వియ్యంకుడి ఇంట్లో బాయిలరు చూసి వచ్చాడు. అప్పటినుంచి హండే నీళ్లు ఒంటికి పట్టలేదు. పెద్ద బేరం కదా అని మా యజమాని నన్ను వెంటబెట్టుకుని తానే బస్సెక్కాడు.

బచ్చలి ఇంటి వెనకవైపు ఉంది. నేను పైకి చూసి చెప్పాను.

"మిద్దెకు బొక్క పెట్టి గొట్టం తీయాల సావుకారీ. పిట్టగోడ కన్నా మనిషెత్తు పైకి పోవాల."

"మిద్దెకు బొక్కా? పోయిన ఎండాకాలమే చవుడు మన్ను ఏయించినా. వానకు కారితే నువ్వొచ్చి గిన్నె పట్టుకుంటావా?"

"మిద్దె వద్దంటే గోడ బయట నుంచే పైకి లేపుతా."

"ముందర ఇంత ఇల్లు కట్టి ఎనక జిన్నింగు మిల్లు మాదిరి గొట్టం నిలబెట్టుకోవాల్నా? దానికి రేకు ఎవడు కొంటాడు? గోడకు బొక్క పెట్టు. పొగ ఎనక్కు పోతాది. సాలు."

ఆ వెనక ఏముందో చూద్దామని చుట్టూ తిరిగి పోయాను. అది నేతగాళ్ల వీధి. సన్నగా, తిన్నగా, ఒక చివర నుంచి ఇంకో చివరకు కనబడేంత పొడుగ్గా ఉంది. పడుగుకు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాలకు, గంజి పెట్టాలంటే అంత పొడుగు కావాలి. ఒక్కో పడుగును వీధి పొడవునా చాపి, రెండేసి కట్టెలు కత్తెరలా కట్టి నాటి, వాటి మీద నిలబెడతారు. మొగుడూ పెళ్లామూ చెరోవైపు నడుస్తూ పెద్ద కుంచెతో గంజి పట్టిస్తారు. పొద్దు ఎక్కితే గంజి ఎండి దారాలు అతుక్కుంటాయి కాబట్టి పని తెల్లవారుజామునే జరగాలి. సావుకారి స్నానమూ ఆ వేళకే.

నేను గోడ కొలుస్తుంటే ఒక నేతగాడు దగ్గరికి వచ్చాడు. పేరు తిమ్మప్ప. అప్పుడే పడుగు చుట్టి చంకన పెట్టుకున్నాడు.

"లోపల ఏం కడతాండారన్నా?"

"బాయిలరు. నీళ్లు కాసేది."

"మరి పొగ యాడికి పోతాది?"

నా వృత్తి జీవితంలో ఆ ప్రశ్న అడిగిన ఒకే ఒక్క మనిషి తిమ్మప్ప. బాయిలరు కొన్నవాడు అడగలేదు, అమ్మినవాడు అడగలేదు. నేను లోపలికి పోయి యజమానితో అన్నాను, పొగ ఇటు వదిలితే తడి గంజి మీద మసి పడుతుంది, కుంచెతో రుద్దితే దారం పొడుగునా పాకుతుంది, ఉతికినా పోదు అని.

"అంగడి నాది. గొట్టం సావుకారి కొన్నాడు. పొగ ఎవరిదీ కాదు. నీకేంటికి?" అన్నాడు యజమాని.

ఆ బొక్క నేను పెట్టనని సామాన్ల సంచి సర్దుకుని బస్టాండుకు పోయాను. మరునాడు ఇంకో ఫిట్టరు పోయి, సావుకారి చెప్పిన చోటే, వీధిలో నడిచే మనిషి తలకు కాస్త పైన బొక్క పెట్టి వచ్చాడు. యజమాని నన్ను పనిలోంచి తీసేయలేదు. మంచితనం వల్ల కాదు. మా వైపు ఉప్పునీళ్లకు బాయిలరు లోపల సున్నం గట్టిగా పేరుకుంటుంది. రాగి చెడకుండా దాన్ని విప్పి తీసేది ఆ అంగట్లో నేనొక్కణ్ణే.

మసికి పేరుంటుందా

కొన్ని నెలలకు సావుకారి బాయిలరులో నీళ్లు కాగడం లేదని కబురు వచ్చింది. సున్నం పట్టి ఉంటుందని నన్ను పంపారు. పొయ్యి గొట్టం విప్పేసరికి మోచేతుల దాకా మసి. బుడ్డల పొట్టు మసి మెత్తగా ఉంటుంది, గాలికి లేస్తుంది. కడుక్కుందామని ముందరి వసారా దాటుతుంటే మాటలు వినబడ్డాయి.

సావుకారి గద్దె మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా తిమ్మప్ప, అతని భార్య ఈరమ్మ. మధ్యలో బట్ట పరిచి ఉంది. తెల్లటి బట్ట మీద నిలువునా నల్లటి చారలు.

"మల్లా మసి. ఇది ఎవరికి అమ్మాల? కూలి సగమే. ఇంకోసారి ఇట్లా తెస్తే నూలు ఇచ్చేది ల్యా."

నేతగాడికి నూలు ఆగిందంటే మగ్గం ఆగినట్టే, మగ్గం ఆగితే పొయ్యి కూడా. తిమ్మప్ప తల వంచుకున్నాడు. ఈరమ్మ వంచలేదు.

"పొగ మీ గోడలోంచే వస్తాది గదప్పా. మేం పొద్దున్నే గంజి పెడతాం. మీరు అయిదారు గడియలు ఆగి మంట ఏసుకోండి అని అడిగితిమి."

"నా శివపూజ ఆలస్యమైతే ఆ పాపం నువ్వు మోస్తావా? ఊర్లో ఇంకెవరికీ పొయ్యి ల్యాదా? మసికి పేరు రాసుంటాదా?"

దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు ఉంది ఆ మాట. తన పొయ్యి మసిని ఎదుటివాడి బట్ట మీద చల్లి, ఆ మసికే వాడి కూలి కోస్తున్నాడు. నేను ఉన్నపళంగా వసారాలోకి పోయి రెండు చేతులూ ముందుకు చాపాను.

"ఇది ఏ పొయ్యి మసి సావుకారీ?"

ఆయన నా చేతులు చూశాడు, బట్ట చూశాడు. రెండూ ఒకటేనని ఆయనకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు.

"నువ్వు బాయిలరు కడగనీకె వచ్చినావా, పంచాయితీ సేయనీకె వచ్చినావా?" అన్నాడు. ఆరోజు తిమ్మప్పకు సగం కూలే ఇచ్చాడు.

వేరే చోట గంజి పెట్టుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. అప్పుడూ అడిగారు, పడుగు ఎప్పుడూ పట్టుకోనివాళ్లు. తక్కిన వీధులు వంకరవి, బండ్లు తిరిగేవి. నాలుగు తరాలుగా గంజి పెట్టుకుంటున్న వీధిని, నిన్న కొన్న బాయిలరు కోసం వదిలి పొమ్మనడం ఎంత సులువో చూడండి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

వీధిలో కట్టెలు

ఆదోనికి వచ్చి యజమానిని పది అడుగుల గొట్టం అడిగాను. గోడ బయటనే పైకి లేపుతాను, పని కూలి వద్దు అన్నాను.

"సావుకారి అడిగినాడా? అడగల్యా. మరి గొట్టం ఏంటికి?" అన్నాడు.

అంగట్లో రేకులు గుట్టలుగా ఉన్నాయి. వాటి వంక చూస్తే నా కోపం రెట్టింపయింది. ఒక్క ముక్క కూడా ముట్టుకోలేదు. సెలవు రోజున కత్తెర, సుత్తి, రేకులు అతికే మాటు సామాను మాత్రం తీసుకుని ఎమ్మిగనూరు పోయాను. వీధిలో ఒక్కో ఇల్లు ఒక్కో పాత కిరసనాయిలు డబ్బా తెచ్చి ఇచ్చింది. వాటిని కోసి, చుట్టి, ఒకదాంట్లో ఒకటి దూర్చి గొట్టం చేశాను. డబ్బాలు అయిపోయేసరికి అది పిట్టగోడ అంచును దాటింది, అంతే. ఇంకో మనిషెత్తు ఉంటే బాగుండేది.

దాన్ని నిలబెట్టడం ఎలా? సావుకారి గోడకు మేకు కొడితే గొడవ. అప్పుడు తిమ్మప్ప ఇంట్లోకి పోయి తన పడుగు కట్టెలు తెచ్చాడు. నాలుగు గట్టి, పొడుగాటి కట్టెలు. రెండు జతలుగా వీధిలోనే లోతుగా నాటి, గొట్టాన్ని వాటి మధ్య నిలిపి తాళ్లతో బిగించాం. కింది మూతి మాత్రం గోడలోంచి వచ్చే గొట్టానికి తొడిగాను.

"నీ పడుగుకు కట్టెలెట్లా?" అని అడిగాను.

"అడిగితే ఎవరైనా ఇస్తార్లే అన్నా. ముందు మసి ఆగనీ" అన్నాడు.

సుత్తి చప్పుడుకు సావుకారి వచ్చాడు.

"ఎవర్ని అడిగి సేస్తాండారు ఇదంతా?"

ఈరమ్మ జవాబు చెప్పింది. "మీ గోడ ముట్టల్యా సావుకారీ. వీధి అందరిదీ. డబ్బాలు మావి, కట్టెలు మావి."

"కట్టెలు ఎవరియి?"

"నాయి" అన్నాడు తిమ్మప్ప.

సావుకారి కొంచెం నవ్వి, "సరే కానీండి" అని లోపలికి పోయాడు. గెలిచామని అందరం మురిసిపోయాం. ఈరమ్మ నాకు జొన్నరొట్టె, బుడ్డల చట్నీ పెట్టింది. ఆ నవ్వు ఏ నవ్వో కనిపెట్టే తెలివి మాలో ఎవరికీ లేకపోయింది.

ఆ తర్వాత నేసిన బట్ట మీద చుక్క మసి లేదు. తిమ్మప్ప దాన్ని తీసుకుపోయి సావుకారి ముందు పరిచాడు. పూర్తి కూలి ఇచ్చాడు. నూలు అడిగితే "ల్యా" అన్నాడు. ఆ పొద్దే వరసలో తిమ్మప్ప వెనక నిలబడినవాళ్లకు నూలు ఇచ్చాడు. మరుసటి వారమూ అంతే. కారణం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఆయనకు లేదు. తక్కిన సావుకార్లు కూడా ఆయన వదిలేసిన మనిషికి నూలు ఇవ్వడానికి వెనకాడారు. మసి పడిన బట్టకు సగం కూలన్నా ఇచ్చినవాడు, మసి లేని బట్ట తెచ్చినందుకు మగ్గమే ఆపేశాడు.

ఖర్చు ఎంతైనా

గొట్టం పొట్టిగా ఉండటంతో పొగ పిట్టగోడ దాటి సావుకారి మిద్దె మీదే వాలడం మొదలుపెట్టింది. ఆయన మడి పంచెలు ఆరేది అక్కడే, ఇంటివాళ్ల వడియాలు ఎండేదీ అక్కడే. ఒక పొద్దు పూజకు కట్టుకోబోయిన పంచె మీద నల్లటి మచ్చలు చూసుకున్నాడట. అప్పుడు ఆయనకు మసి అంటే ఏమిటో అర్థమయింది.

మా యజమాని నన్ను పిలిచాడు. మొహం వెలిగిపోతోంది.

"పో మద్దిలేటీ. గొట్టం ఇంకో మనిషెత్తు లేపాలంట. ఖర్చు ఎంతైనా కానీ అన్నాడు."

ఖర్చు ఎంతైనా! నేతగాళ్ల పడుగు మీద పడినప్పుడు పది అడుగుల రేకుకు లేని డబ్బు, తన పంచె మీద పడగానే ఊడిపడింది. నేను గొట్టం తీసుకోకుండానే ఎమ్మిగనూరు పోయి సావుకారి ముందు నిలబడ్డాను.

"తిమ్మప్పకు నూలు ఇయ్యండి. సాయంత్రానికి లేపుతా."

"నీళ్లు కాసేదానికి, నూలుకు ఏం సంబంధం?"

"కలిపింది మీరే గదా సావుకారీ."

ఆయన మళ్లీ ఆ నవ్వే నవ్వి, "ఆదోనిలో ఫిట్టరువి నువ్వొక్కనివేనా?" అన్నాడు. కాను. మరునాడు ఆ ఇంకో ఫిట్టరే వచ్చి, మేం నిలబెట్టిన గొట్టం మీదే కొత్త గొట్టం తొడిగి పైకి లేపాడు. కింద కట్టెలు అవే. నేను ఆ అంగట్లో పని మానేశాను. నా చేతిలో పని ఉంది కాబట్టి నాలుగు రోజులకే వేరే బతుకు దొరికింది. కోపం చూపించి కూడా అన్నం తినగలిగాను. నేతగాడికి ఆ వెసులుబాటు లేదు.

మిల్లు గేటు

తర్వాత కొంత కాలానికి ఆదోనిలో పత్తి గింజలు వేరుచేసే ఒక జిన్నింగు మిల్లులో నీళ్ల గొట్టాల పనికి పోయాను. గేటు దగ్గర కూలీలు మధ్యాహ్నం అన్నం తిని మళ్లీ లోపలికి పోవడానికి కాచుకుని ఉన్నారు. వాళ్లలో ఒకతను నన్ను చూసి చెయ్యెత్తాడు. జుట్టు నిండా, కనుబొమల మీదా దూది. గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. తిమ్మప్ప.

మగ్గం అమ్మేశారట. ఈరమ్మ అదే మిల్లులో దూది ఏరుతోందట. సన్నటి నూలు వేళ్లతో చూడగలిగే మనిషి ఇప్పుడు పత్తి నింపిన బోరాలు మోస్తున్నాడు. దగ్గుతున్నాడు కూడా. అతనే అడిగాడు.

"నా కట్టెలు ఆడనే ఉండాయా అన్నా?"

"ఉండాయి. గొట్టం వాటి మీదనే నిలబడి ఉండాది. పా, ఇద్దరం పోయి పీక్కొని వద్దాం. సావుకారి ఏం సేస్తాడో సూస్తా."

నేను ఆ మాట నిజంగానే అన్నాను. ఆ పొద్దే బస్సెక్కేవాణ్ణి. తిమ్మప్ప తల అడ్డంగా ఊపాడు.

"వద్దన్నా. పీకితే గొట్టం పడిపోతాది. మల్లా వీధిలో పడుగుల మీద మసి పడతాది. మిగిలినోళ్లన్నా నేసుకోనీ."

మిల్లు కూత వేసింది. అతను తువ్వాలు నోటికి చుట్టుకుని లోపలికి పోయాడు.

వేడినీళ్లకు ఎంత అవుతుందని ఎవరైనా అడిగితే నాకు ఆ నాలుగు కట్టెలే కనబడతాయి. సావుకారి రేకుకు డబ్బిచ్చాడు, రాగికి డబ్బిచ్చాడు. కట్టెలకు మాత్రం ఇవ్వలేదు.